ఘాట్ రోడ్డులో పచ్చ దీపం

బండి ఆగిపోవడానికి కూడా ఒక మర్యాద ఉంటుందని హైమ వాళ్ల నాన్న సన్యాసిరావుకి గట్టి నమ్మకం. డీజిల్ బండి అయితే ముందు దగ్గుతుంది. తర్వాత పొగ కక్కుతుంది, కాలిన వాసన వేస్తుంది, కుదిపి కుదిపి, ఇక నా వల్ల కాదు నాయనా అని చెప్పి మరీ ఆగుతుంది. ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సు స్టీరింగ్ ముందే గడిపిన మనిషి, ఆయనకి బండ్ల సంగతి తెలుసు. అలాంటిది పాడేరు ఘాట్ సగం ఎక్కాక, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, పైనుంచి వదలని ముసురు, అలాంటి మలుపులో కూతురి కరెంటు కారు కిక్కురుమనకుండా నిలబడిపోయేసరికి ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"ఇదేటే? సెప్పా పెట్టకుండా ఆగిపోనాది?"

హైమ చూపంతా స్టీరింగ్ పక్కనున్న చిన్న పచ్చ దీపం మీదే ఉంది. ఆ దీపం మామూలుగా ఒకే వరసలో వెలిగి ఆరుతూ ఉంటుంది. ఇప్పుడు గబగబా వెలిగింది, చాలాసేపు ఆగింది, మళ్లీ ఒక్కసారి నీరసంగా మెరిసింది. తెర మీద 'విశ్రాంతి' అన్న మాట కనిపిస్తోంది.

ఆమె మీట నొక్కింది. కారు కదల్లేదు. మళ్లీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"కంగారేం లేదు నాన్నా. కాస్త అలిసింది, అంతే. కాసేపాగితే అదే లేస్తుంది."

"బండి అలిసిపోడమేటే? అదేమైనా మనిషా?" అన్నాడు సన్యాసిరావు, శాలువా చెవుల మీదకి లాక్కుంటూ.

హైమ చటుక్కున మొహం అటు తిప్పుకుంది. ఇన్నాళ్లూ ఆయనకి చెప్పకుండా దాచిన సంగతే ఆయన నోటంట వచ్చింది మరి.

ఆ కారు సీట్ల కింద ఉన్నది అందరి కార్లలో ఉండే బ్యాటరీ కాదు. అది ప్రాణమున్న బ్యాటరీ. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పిసరంత విద్యుత్తు పుడుతుందన్నది తెలిసిన విషయమే. ఆ గుండె కణాలనే పొరలు పొరలుగా పెంచి, వాటికి మళ్లీ మళ్లీ పుట్టడం నేర్పి, కోటానుకోట్ల కణాలని ఒకేసారి కొట్టుకునేలా చేస్తే? విశాఖపట్నంలోని తమ చిన్న లాబ్‌లో హైమా, ఆమెతో పనిచేసే ఫిరోజూ చేసింది అదే. ఛార్జింగ్ అక్కర్లేదు. చక్కెరా ఉప్పులూ కలిపిన పోషక ద్రవం వారానికోసారి పోయాలి, ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉంచాలి. అంతే, కారు నడుస్తుంది. కణాలు కొట్టుకున్నప్పుడల్లా వాటి కరెంటుతోనే ఆ పచ్చ దీపం వెలిగి ఆరుతుంది.

ఒక్కటే చిక్కు. ఆ కణాలు ఖాళీగా కూర్చోలేవు. గాజు తొట్టెల్లో పెట్టి ఎంత అపురూపంగా చూసుకున్నా కొన్నాళ్లకి కొట్టుకోవడం మానేసేవి. మంచులో గడ్డకట్టించి దాచబోతే కరిగాక లేవలేదు. పని చేయిస్తేనే బతుకుతాయి. అందుకే వాటిని కార్లో పెట్టింది హైమ. పెట్టిన నాటి నుంచీ ఆ కారు ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు. జ్వరమొచ్చినా, పండగొచ్చినా, తుఫానొచ్చినా బీచ్ రోడ్డులో ఒక చుట్టు తిప్పుకుని రావాల్సిందే. ఊరు దాటి నాలుగు రోజులు వెళ్లిందెప్పుడో ఆమెకే గుర్తులేదు. సినిమా మధ్యలో లేచొచ్చేసేది, స్నేహితురాలి పెళ్లిలో తాళి కట్టకముందే వచ్చేసింది. "ఈ గుంటకి కారు పిచ్చి పట్టినాది" అని సన్యాసిరావు ఇరుగుపొరుగుకి చెప్పుకుని నవ్వేవాడు.

ఆయనకి తెలియనిది ఏమిటంటే, ఆ కణాలు ఆయన భార్య వరహాలమ్మవి.

గుండెలో కవాటం మార్చేటప్పుడు వైద్యులు ఒక చిన్న ముక్క కోసి పారేస్తారు. దాన్ని నేను తీసుకోనా అమ్మా అని హైమ అడిగితే, ఆపరేషన్ మంచం మీద కూడా వరహాలమ్మకి నవ్వొచ్చింది.

"ఓలమ్మా! సెత్తబుట్టలో పడీసీదానికి నన్నడగడమేటే? పట్టుకుపో. మీ నాన్నకి మాత్రం సెప్పకు. నా గుండె కోసీసినారని బెంగెట్టుకుంటాడు."

ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత వచ్చిన మాయదారి అంటురోగమే ఆమెని పట్టుకుపోయింది. ఎందరి దగ్గర్నుంచో తెచ్చిన కణాలు లాబ్‌లో ఒకటొకటిగా ఆగిపోయాయి, వరహాలమ్మవి మాత్రం కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆవిడ బతికున్నన్నాళ్లూ అంతే, చేతిలో పని లేకపోతే ఆవిడకి పిచ్చెక్కేది. "ఇవి కణాలు హైమా, మీ అమ్మ కాదు. ఈ రెండూ కలిపేసుకోకు" అని ఫిరోజ్ మెత్తగా చెప్పేవాడు. నిజమే, కాదనడానికి లేదు. అయినా రోజూ కారెక్కి ఆ పచ్చ దీపం వెలిగి ఆరడం చూసేదాకా హైమకి కాలూ చెయ్యీ ఆడేది కాదు.

ఈ ఘాట్ ఎక్కిదిగితే ఈ బ్యాటరీ పరీక్ష పూర్తవుతుంది. ఆ పొరని కొంచెం కోసి ఇంకో కారుకి తోడుపెట్టవచ్చు. అప్పటిదాకా ఉన్నదంతా ఈ ఒక్క కారులోనే. ఇది పోతే ఇంకెక్కడా లేదు.

మరి ఇలాంటి సమయంలో ఆ దీపం వరస తప్పడమేమిటి? దసరా అయిన దగ్గర్నుంచీ ఏదో తేడాగానే ఉంది. ద్రవం మార్చింది, వేడి సరిచూసింది, తీగలన్నీ విప్పి బిగించింది. కారణం దొరకలేదు. పరీక్ష వాయిదా వేద్దామని ఫిరోజ్ అన్నాడు. ఆమే వినలేదు.

"నాన్నా, మీరు దిగకండి. చలిగాలి" అంటూ తను దిగింది. ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరిగింది. సిగ్నల్ లేదు. మలుపు దాకా పరిగెత్తి వచ్చింది. అక్కడా లేదు. మళ్లీ లోపలికొచ్చి మీట నొక్కింది, మళ్లీ దిగింది, మళ్లీ ఎక్కి నొక్కింది. అలా నొక్కకూడదని ఆమెకి తెలుసు. వైపర్లకీ లైట్లకీ ముందు భాగంలో చిన్న మామూలు బ్యాటరీ ఒకటుంది, నొక్కినప్పుడల్లా అందులోది హరించుకుపోతుంది. తెలిసీ చెయ్యి ఊరుకోలేదు. చివరికి వైపర్లు అద్దం మధ్యలో ఆగిపోయాయి. లోపలి లైటు ఆరిపోయింది.

"ఛ!" అని స్టీరింగ్ మీద కొట్టింది.

"స్టీరింగు మీద సెయ్యెత్తకే!" సన్యాసిరావు కసిరాడు. "అన్నం పెట్టీది."

ఆయనకది మతంతో సమానం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగేటప్పుడు స్టీరింగ్‌ని రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుని గానీ బస్సు దిగిన మనిషి కాదు.

కింది నుంచి ఒక మోటారు సైకిల్ వచ్చింది. ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న మగమనిషీ, వెనక అతని భార్యా. హైమ రోడ్డుకడ్డంగా నిలబడి ఆపింది.

"కింద సెట్టు పడిపోనాది మేడమ్. బండి ఈడ్చుకుని అంచమ్మట వచ్చినాం. బస్సులూ కార్లూ అన్నీ అక్కడే ఆగిపోనాయి. కోత్తన్నారు" అన్నాడతను. "పైన ఊర్లో సెప్పి మనుసుల్ని పంపుతాం లెండి."

"మా నాన్నకి ఉబ్బసం. కొంచెం తొందరగా..."

"బేగే పంపుతాం తల్లీ" అంది వెనకనున్న ఆవిడ. బండి మంచులోకి వెళ్లిపోయింది.

హైమ వెనక్కి తిరిగేసరికి సన్యాసిరావు సీట్లో ముందుకు వంగి ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద మోపి, భుజాలు పైకి లాక్కుంటూ ఊపిరి కోసం తన్నుకుంటున్నాడు. ఆ భంగిమ ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఏళ్ల తరబడి మింగిన డీజిల్ పొగ ఆయన ఛాతీలోనే కాపురం పెట్టింది.

"పంపు ఏదీ? నాన్నా, జేబులో పంపు ఏదీ?"

ఆయన ఇన్‌హేలర్ తీసి ఇచ్చాడు. హైమ ఊపి నొక్కింది. బుస్సుమని గాలి మాత్రం వచ్చింది.

"అయిపోయిందా? చెప్పొద్దూ నాన్నా!"

"సెప్తే... రావొద్దంటావని..." ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి. "నా రూటు కదే... సూడాలనిపించి..."

తిట్టడానికి కూడా టైము లేదు. వెనక సీట్లోని సంచీ లాగింది. ఆయన 'ఊపిరి మిషను' అని పిలిచే నెబ్యులైజర్ అందులో ఉంది, మందుంది, మూతికి పెట్టుకునే తొడుగుంది. కారు సాకెట్లో గుచ్చితే చాలు. గుచ్చింది. మిషను మూగగా ఉండిపోయింది.

అవును మరి. చిన్న బ్యాటరీని తనే ఖాళీ చేసేసింది.

ఇక మిగిలింది సీట్ల కింద ఉన్నదే. ఎంత అలిసిపోయినా ఆ కణాలు ఆఖరి శక్తిని ఎవరికీ ఇవ్వకుండా కారు కాపాడుతుంది. వాటికి వెచ్చదనం ఇవ్వడానికీ ద్రవాన్ని తిప్పడానికీ దాచుకుంటుంది. ఆ కాస్తా ఉంటే ఈ చలిలో కూడా తేరుకోవచ్చు, మనుషులొచ్చేదాకా బతకొచ్చు. సీటు కింద ఒక ఎర్ర మీట ఉంది. దాన్ని తిప్పితే ఆ దాచుకున్నదంతా సాకెట్‌కి వచ్చేస్తుంది. తిప్పాక మాత్రం పొరలు చల్లబడిపోతాయి. మళ్లీ లేవవు. ఆ మీట బిగించింది హైమే. ఏనాడూ ముట్టుకోలేదు.

ఆమె చెయ్యి సీటు కిందకి వెళ్లింది, ఎర్ర మీటని పట్టుకుంది, ఆగింది.

నిజంగానే ఆగింది. కన్నతండ్రి ఊపిరాడక కొట్టుకుంటుంటే హైమ ఆ పచ్చ దీపం వైపు చూస్తూ ఉండిపోయింది. అది వెలిగింది. ఆరింది. ఎంతోసేపటికి మళ్లీ వెలిగింది. ఈ ఒక్కసారికి ఎవరైనా వస్తే బాగుండును, ఏ జీపో రాకపోదా అని మలుపు వైపు చూసింది. మంచు తప్ప ఏమీ లేదు. సన్యాసిరావు పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆయన చెయ్యి గాల్లో ఏదో వెతుక్కుని ఆమె భుజాన్ని పట్టుకుంది.

"అమ్మా!" అని పెద్దగా ఏడ్చింది హైమ. మీట తిప్పేసింది.

మిషను బుర్రుమని లేచింది. తెల్లటి మందు పొగ తొడుగులోంచి వచ్చింది. ఆయన మూతికి దాన్ని గట్టిగా అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో వీపు రాస్తూ, "పీల్చండి, మెల్లగా పీల్చండి" అంటూనే ఉంది. ఆయన ఛాతీలో ఈల కొంచెం కొంచెంగా సన్నగిల్లింది. ఇటు పచ్చ దీపం కూడా సన్నగిల్లుతోంది. రెండింటినీ ఒకేసారి చూడలేక ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన పెదవులకి రంగొచ్చింది. దీపం ఆరిపోయి ఉంది. ఈసారి ఎంత చూసినా వెలగలేదు. కాసేపటికి మిషను కూడా ఆగిపోయింది.

సన్యాసిరావు తొడుగు తీసి పక్కన పెట్టి, కూతురి మొహం చూసి కంగారుపడ్డాడు.

"నాకేటీ అవలేదే, బాగున్నాను. ఏడవకు... ఓసి పిచ్చిదానా, బండికోసమేటి? పోతే పోనాది, ఇంకోటి సేస్తావు."

"ఇంకోటి చెయ్యలేను నాన్నా" అంది హైమ. "అది అమ్మ."

చెప్పేసింది. ఆపరేషన్ మంచం, అమ్మ నవ్వు, చెప్పొద్దన్న మాట, లాబ్, రోజూ ఆ బీచ్ రోడ్డు తిరుగుళ్లు, ఇప్పుడీ ఎర్ర మీట. మీట దగ్గర తను ఆగిన సంగతి కూడా దాచలేదు. సన్యాసిరావు అంతా వింటూ డాష్‌బోర్డు వైపే చూస్తున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ..." ఆరిపోయిన దీపాన్ని వేలితో తాకాడు. "నానీ బండెక్కి మార్కెట్టుకెళ్లినాను. బీచికెళ్లినాను. దీన్ని తిట్టినాను. డబ్బా బండన్నాను. తల్లీ కూతుళ్లిద్దరూ కలిసి నాకు సెప్పలేదన్నమాట."

"అమ్మే వద్దంది."

"అదలగే అంటాది! నీకు బుద్ధుండక్కర్లేదా?" ఆయనకి కోపం తన్నుకొచ్చింది. "ఒక్క మాట సెప్పుంటే దాంతో నాలుగు మాటలైనా మాట్లాడుకుందును కదే! ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటన్నాను నాను!"

హైమ కూర్చోలేక దిగిపోయింది. వానలోనే కారు ముందు మూత ఎత్తింది. ఏదో ఒకటి చెయ్యాలి, కనీసం ద్రవం ఎంతుందో చూడాలి, ఊరికే మాత్రం ఉండలేదు. ద్రవం మట్టం చూసే పై గొట్టానికుండే, ఎప్పుడో గానీ తీయని వెండిరంగు మూత తిప్పింది. మూత లోపల అంచు చుట్టూ పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. వేలితో గీకింది. వాసన చూసింది.

పసుపు.

దసరా రోజు ఒక్కసారిగా కళ్ల ముందు మెదిలింది. ఆయుధ పూజ. సన్యాసిరావు తలారా స్నానం చేసి, పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని, చక్రాల కింద నిమ్మకాయలు సర్ది, ముందు మూత ఎత్తి చూసి నోరు వెళ్లబెట్టాడు. "ఇంజనేదే? పైన రేకుకి బొట్టెడితే పూజవుతాదేటి? మా డిపోలో అయితే ఇంజనుకే ఎట్టాలి. దీని గుండెకాయెక్కడ?" తలకి నూనె రాసుకుంటూ, నవ్వుతూ, "అదిగో నాన్నా, ఆ వెండి మూత కిందే ఉంది గుండె" అని తనే చూపించింది. చూపించి లోపలికి వెళ్లిపోయింది. ఆయన మూత తిప్పి లోపల అంచుకి నిండుగా పసుపు రాసి, కుంకుమ పెట్టి, నాలుగు చుక్కల పసుపునీళ్లు గొట్టంలో చిలకరించి, మూత బిగించి దండం పెట్టుకుని ఉంటాడు. తను ద్రవం పోసేదీ మార్చేదీ కింది గొట్టం నుంచే. ఈ మూత లోపలివైపు చూడనే లేదు. పసుపు పుండుని మాన్పుతుంది, పురుగుని చంపుతుంది. మూత నుంచి కొంచెం కొంచెంగా కరిగి దిగుతుంటే, రక్షణ పొర లేని ఆ లేత కణాలకి మాత్రం అది విషమే.

హైమ గబగబా చున్నీ కొంగుతో మూత తుడవసాగింది.

"తుడవకే."

సన్యాసిరావు శాలువా తల మీద కప్పుకుని వెనకే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు దిగాడో.

"దీనివల్లేనా?"

"కాదు నాన్నా. చలికే. ఆగాక చలి పట్టేసింది, అంతే."

"అబద్ధమాడినప్పుడల్లా చున్నీ కొంగు వేలికి సుట్టుకుంటావు. ఇంతప్పటి నుంచీ అంతే."

హైమ వేలు చూసుకుంది. విప్పేసింది. "గుండె అక్కడే ఉందని చెప్పింది నేను కదా నాన్నా. మీకేం తెలుసు?"

ఆయన రోడ్డంచున ఉన్న రాతిగోడ మీద కూలబడ్డాడు. వానలో తడుస్తున్నానన్న ధ్యాసే లేకుండా, చిన్నపిల్లాడిలా, నోరు తెరిచి ఏడ్చాడు. హైమ పక్కన కూర్చుని ఆయన తలమీద చున్నీ పట్టుకుంది. మళ్లీ ఆయాసం వస్తుందేమోనని ఆయన ఊపిరి చప్పుడే వింటూ ఉంది.

చాలాసేపటికి ఆయన ముక్కు తుడుచుకున్నాడు.

"ఆవేళ ఆస్పత్రోళ్లు నన్ను గాజు తలుపు కాడే ఆపీసినారు. గుర్తున్నాదా? సంచీలో సుట్టి అటునించటే పట్టుకుపోనారు. పునిస్త్రీగా పోయిన మనిసి. నుదుటి మీద ఇంత బొట్టెట్టి పంపలేకపోనానని ఏడవని రోజు లేదే నాకు."

"తెలుసు నాన్నా."

"ఎట్టినాను కదే." ఆయన తన కుడిచేతి వేళ్ల వంక చూసుకున్నాడు. "తెలకుండానే ఎట్టినాను. పసుపు రాసి, కుంకుమెట్టి, దండమెట్టుకున్నాను. ఆ మూత కింద అది ఉన్నాదని నాకు తెల్దు గానీ, దానికి తెలదేటి?"

కణాలకేం తెలుస్తుంది, అవి కణాలే, అమ్మ కాదు అని ఫిరోజ్ అనేవాడే. హైమ మాత్రం ఆయన చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా రుద్దింది. రేపు పొద్దున్న లేచాక ఆ కారుని తిప్పక్కర్లేదన్న ఆలోచన అప్పుడు తట్టింది ఆమెకి. ఆ ఖాళీ రోజుని ఏం చేసుకోవాలో తోచలేదు.

కింది మలుపులో హారన్ మోగింది. చెట్టు కోసేసినట్టున్నారు. పాడేరు బస్సు ముక్కుతూ మూలుగుతూ మంచులోంచి పైకొచ్చి వాళ్ల పక్కనే ఆగింది. అద్దంలోంచి కుర్ర డ్రైవరు తల బయటపెట్టాడు.

"సన్యాసిరావు బాబాయ్! నువ్వేటిక్కడ? తడిసిపోతన్నారు, ఎక్కండి ఎక్కండి!"

హైమ సంచీ, మిషను అందుకుంది. సన్యాసిరావు బస్సు వైపు రాలేదు. నెమ్మదిగా కారు దగ్గరకెళ్లి డ్రైవరు వైపు తలుపు తీశాడు. తెలుపూ నలుపూ కలిసిన ఆయన జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి వంగి, స్టీరింగ్‌ని రెండు చేతులతో తాకి, ఆ చేతులు కళ్లకద్దుకున్నాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

"ఏటి బాబాయ్, కొత్తబండే కదా? పాడైపోనాదేటి?" అడిగాడు కుర్ర డ్రైవరు.

"పాడవలేదురా" అన్నాడు సన్యాసిరావు. "డ్యూటీ దిగినాది."